రెండు నిమిషములలో ఒక కట్టడము

ఎక్కముల నడుమను, అమరకోశపు వల్లెవేతల నడుమను పెరిగినవాడనగుటచే, తెల్లవారుజామున చదువుకొను పిల్లల కంఠధ్వని నాకెన్నడును కర్ణకఠోరము కాలేదు. అయినను ఈ వారము, నరసరావుపేటలోని మా యింటి మేడగదినుండి ప్రతి ఉదయమును తప్పక వినవచ్చిన ఒక ఆంగ్లోపన్యాసము నా కాఫీని చేదు చేసినది. ఆ గదిలో అద్దెకున్నది కారెంపూడి తట్టు అమ్మాయి. నర్సింగు చదివినది, ఇంగ్లండులో ఉద్యోగమునకు ఐఈఎల్‌టీఎస్ అను పరీక్ష వ్రాయబోవుచున్నది. ఆమె వల్లించుచున్నది తాజమహలును గూర్చి. యమునాతీరము, తెల్లని చలువరాయి, షాజహాను విరహము, ప్రపంచపు వింతలలో స్థానము, అన్నింటి తుదను ఆ సౌధమును చూచినంతనే తనకు నోట మాట రాలేదను వాక్యము! ఆ కడపటి వాక్యమును ఆమె ఒక్క తడబాటైనను లేక గడగడ చెప్పివేయుట చూచి నేను ముచ్చటపడితిని. ఆమె ఆగ్రాకు పోలేదు. శిక్షణ చెప్పువారిచ్చిన జిరాక్సు కాగితమున తాజమహలున్నది. తనతో చదువు పిల్లలందరి కాగితములయందును అదియే యున్నదట.

ఈ పరీక్ష సంగతి ఎరుగని నా వయసు పాఠకుల కొరకు నాలుగు మాటలు. 1989 నుండి నడచుచున్న ఈ పరీక్షలో మౌఖికభాగము పదునొకండు మొదలు పదునాలుగు నిమిషములు. అభ్యర్థి యెదుట ఒక పరీక్షకుడు కూర్చుండును. సంభాషణ సర్వము యంత్రమున నమోదగును. నడిమి భాగమున ఒక చీటీ చేతికిత్తురు: నీకు నచ్చిన కట్టడమును వర్ణింపుము, అది యెక్కడ నున్నది, చూచుటకెట్లుండును, దేనికుపయోగపడును, నీకేల నచ్చినది. ఆలోచనకు ఒక నిమిషము; గుర్తులు వ్రాసికొనుటకు పెన్సిలును కాగితమును; పిమ్మట రెండు నిమిషముల వరకు ఏకధాటిగ మాటలాడవలెను. ధారాశుద్ధి, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణము అను నాలుగింటికిని సమానముగ విలువ కట్టుదురు. చెప్పినది సత్యమా అని యెవరును విచారింపరు. అబద్ధమాడినందుకు నష్టము లేదు. అప్పగించినట్లు తోచినచో మాత్రము పరీక్షకుడు పసిగట్టును.

పల్నాటి వానికి పల్నాడే చాలునని ఈ శీర్షికలో నేనెన్నిమార్లు వ్రాసితినో మీకు తెలియును గనుక, ఆ అమ్మాయిని పిలిచి నేనేమి చెప్పియుందునో మీరీపాటికే ఊహించియుందురు. "మీ ఊరి పక్కనే పల్నాటి వీరుల గుడి పెట్టుకుని ఆగ్రా దాకా ఎందుకమ్మా?" అంటిని. ఆమె మొగము వికసించినది. "మాస్టారూ, అదైతే నాకు కంఠతా వచ్చు!" అని గడియారము నెదుట పెట్టుకొని మొదలుపెట్టినది. ఆ ఆంగ్లము నిజముగ ప్రవాహమే. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టెను, నాయకురాలు నాగమ్మ గురజాలలో మంత్రాంగము నడపెను, కోడిపుంజులు పోరెను, మలిదేవాదులు అడవులపాలైరి, రాయబారియై పోయిన అలరాజు మరణించెను, బాలచంద్రుడు తల్లి యొద్ద సెలవు గైకొనెను. రెండు నిమిషములును నిండి గడియారము మ్రోగునప్పటికి బాలచంద్రుడింకను రణభూమిని చేరలేదు, ఆ పిల్ల గుడి గడపను చేరలేదు.

"గుడి ఎట్లుంటుందమ్మా?" అని అడిగితిని. చాలసేపు ఆలోచించి, "గుడిలాగే ఉంటుంది మాస్టారూ" అన్నది.

ఇది ఆ పిల్ల యొక్కతె దోషము కాదు. మాచర్ల చెన్నకేశవాలయమునకు ఏటేట పోయివచ్చువారిని పట్టి, ముఖమండపపు స్తంభములు గుండ్రనివా, పలకలుగా చెక్కినవా అని యడిగి చూడుడు. వారు బ్రహ్మనాయుని కథ యెత్తుకొందురు. కొండవీటి కోటగోడ రాయి యే రంగుదని యడుగుడు. రెడ్డిరాజుల వంశవృక్షమును చదువుదురు. ఎవరు కట్టించిరి, ఎవరు కూల్చిరి, ఏ గడపయొద్ద ఎవరి తల తెగినది, ఇంతవరకే మన వాస్తుపరిజ్ఞానము. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరులకు గుర్తుగ ఏయే శిలలు నిలిపిరో, వారివిగ కొలుచు కొణతములను ఆయుధము లెట్టివో, కార్తిక అమావాస్యనాటి తిరునాళ్ళలో వేలమంది ప్రదక్షిణము చేయుదురు గాని, చూచువారు తక్కువ. వీరగాథలు పాడు విద్యావంతులు తరతరములుగ మన చెవులను నింపిరి. ఆ గానము మహత్తరమే. అందు సందేహము లేదు. కాని చెవి నిండిన కొలదియు కంటికి పని తగ్గినది.

కన్నుతో చూచి కట్టడమును చెప్పిన మనిషిని నా బాల్యమున నొక్కనిని ఎరుగుదును. మా మేనమామ రాతిపని మేస్త్రి. నాగార్జునసాగరమున కుడిగట్టు వైపున పనిచేసినవాడు. పండుగకు వచ్చినప్పుడెల్ల మేము పిల్లలము చుట్టును చేరి "డ్యాము సంగతి చెప్పు మామయ్యా" అని పీడించువారము. మాకప్పటికే బడిలో చెప్పిన సంగతులు నోటికి వచ్చును: 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరనియు, ఎత్తు 124 మీటర్లకు లేచుననియు, రాతితో కట్టిన ఆనకట్టలలో ఇంతటివి ప్రపంచముననే అరుదనియు. మా మామకు ఆ యంకెలు పట్టవు. అతడు నేలమీద పుల్లతో గీత గీసి, "ఇదిగో, నీళ్ళొచ్చే వైపు గోడ నిటారుగా ఉంటదిరా. అవతల వైపు వాలు. అడుగున మన ఊరంత వెడల్పు, పైన బండి తోలుకునేంత" అనువాడు. లోపల పేర్చు రాయిని నునుపు చేయరాదనియు, మొరటుగ నున్నప్పుడే మాలు దానిని పట్టుకొనుననియు, రెండు రాళ్ళ నడుమ వట్టిది మిగిలినచో నీరు దానిని వెదకికొని వచ్చుననియు చెప్పువాడు. రాతిని తట్టి చెవి యొగ్గి, మ్రోతనుబట్టి లోపలి పగులును కనిపెట్టు విధమును మా అరుగు బండమీదనే చూపినాడు. పరంజామీద తలకెత్తుకొని రాళ్ళు మోయు జనపు బారు దూరమునుండి చూచినచో, గోడయే కదలుచున్నట్లుండునని యతడన్నప్పుడు మా అమ్మమ్మ దీపపు వత్తి నెగద్రోయుట మరచి వినెడిది.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలిన నాడు నన్నక్కడకు తీసికొనిపోయినవారు వేరు. వారు నాకు ఇరువదియారు గేట్ల లెక్క చెప్పిరి, నదీలోయల చరిత్ర చెప్పిరి. నేను మాత్రము గోడ వాలును వెదకితిని. ఈనాటికిని ఆ యానకట్ట నా మనస్సులో నిలిచియున్నది మేనమామ గీచిన గీతగనే. అతనికి ఆంగ్లము రాదు. వచ్చియున్నచో, ఆ చీటీలోని రెండవ ప్రశ్నకు అతనిని మించి చెప్పగలవాడు దొరకడు.

మామ తలపునకు వచ్చినప్పుడు శ్రీనాథుడును వచ్చెను. కవిసార్వభౌముడు మన సీమను వెక్కిరించెనని నేనతనితో ఎన్నియేండ్లుగ జగడమాడుచున్నానో పాత పాఠకులెరుగుదురు. కొండవీటి ఆస్థానమున సన్నబియ్యము తిన్న నాలుకకు మన జొన్నకూడు రుచింపకపోవుటలో వింతయేమున్నదని ఎత్తిపొడిచితిని గూడ. అయితే, అతనివని చెప్పు ఆ చాటువులలో నేమున్నవి? నాపరాయి యున్నది, యేటినీరున్నది, పొలములోని పంట యున్నది, పాముండును, తేలుండును. తిట్టుటకు ముందు కన్ను తెరచి చూచినాడు! పల్నాటి వీరచరిత్రను ద్విపదగా కట్టినదియు అతడే. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో దానిని అచ్చొత్తించినందున మనమందరము దానిని గర్వముగ తలకెత్తుకొంటిమి. మనలను పొగడిన కావ్యమును కంఠస్థము చేసితిమి. మనలను చూచి చెప్పిన చాటువును పగబట్టితిమి. ఈ పరీక్షకు శ్రీనాథుడు కూర్చుండినచో, అన్నింటికంటె పైస్థాయియగు బ్యాండు తొమ్మిది అతనికే దక్కునని, ఇన్నేండ్ల జగడము పిమ్మట, నేనే వ్రాయుచున్నాను.

కావున ఆ చీటీ వ్రాసినవారిమీద నాకు కోపము లేదు. ఎక్కడ నున్నది, ఎట్లుండును, ఎందుకు, అను ఆ పొడి ప్రశ్నలు మన కథలకు కళ్లెము వేయుచున్నవి. సొంత గుడియైనంత మాత్రమున వర్ణన సొంతమగుననుట కల్ల. కారెంపూడియు కంఠపాఠమే, ఆగ్రాయు కంఠపాఠమే. తేడా యేమనగా, ఒకదానిని జిరాక్సు తీసిన యంత్రము మన పెదతాతల నాటిది.

శనివారము సాయంకాలమున ఆ అమ్మాయితో, "గుడి వద్దు, మేడ వద్దు, నీవు ఎన్నోసార్లు లోపలికి పోయి వచ్చిన కట్టడమొకటి చెప్పు" అంటిని. ఆమె కోల్డు స్టోరేజిని చెప్పినది. కిటికీలు లేని నాలుగంతస్తుల గోడ. మందపు తలుపు తెరచినంతనే కన్నుల నీరు తెప్పించు మిరపఘాటు. వెలుపల మే నెల నిప్పులు చెరుగుచుండగ లోపల హమాలీలు ఉన్నిచొక్కాలు తొడిగికొని టిక్కీలను మిరపబస్తాలు మోయుట. కప్పువరకు బస్తాల దొంతరలు. ఏ దొంతరలో తండ్రి టిక్కీలున్నవో ఆమెకు గుర్తు. "అది నాకేం అందంగా కనిపించదు మాస్టారూ. కానీ రేటు వచ్చేదాకా మా ఇంటి డబ్బంతా అందులోనే ఉంటుంది. నా పరీక్ష ఫీజు కూడా అందులోదే" అని ముగించినది. ఆంగ్లమున నడుమ నడుమ తడబడినది, వెనుకకు పోయి దిద్దుకొన్నది, ఒక మాటకై వెదకినది. వినుచున్న నాకు అదియే హాయిగ నుండెను.

మూడవ భాగమున పరీక్షకుడు విశాలమైన ప్రశ్నలు వేయునట: పాత కట్టడములను నిలుపవలెనా, కూల్చి కొత్తవి కట్టవలెనా? దీనికి నేను సామగ్రి సిద్ధము చేసియుంటిని. ఇక్ష్వాకుల నాటి విజయపురి నాగార్జునసాగర జలాశయమున మునుగునని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణమున ఆ లోయయెల్ల త్రవ్వించిరి. కొన్ని కట్టడములను విప్పి కొండమీదను, అనుపు వద్దను తిరిగి నిలిపిరి, తక్కినవి నీటిపాలైనవి. ఇంతటి ఉదాహరణము ఏ దేశపు అభ్యర్థికి దొరకును? ఆమె అంతయు శ్రద్ధగ విని, ఒక్క పట్టున తన మాట చెప్పినది: "మా నాయనమ్మది నాపరాళ్ళ మట్టిమిద్దె మాస్టారూ. ఎండాకాలం చల్లగానే ఉండేది. వానొస్తే కారేది, గోడ సందుల్లోంచి తేళ్ళొచ్చేవి. స్లాబు వేసుకున్నాకే మేం నిద్రపోయాం. నేను కొత్తవే మంచివంటాను."

గానుగసున్నమును గూర్చి ఈ పత్రికలో సంవత్సరముల తరబడి స్తుతులు వ్రాసినవాడను. అయినను ఆ సమాధానమున నేనొక్క యక్షరము దిద్దలేదు, స్లాబు అను మాట తప్ప. అక్కడ "కాంక్రీటు రూఫ్" అనవలెనని చెప్పితిని. ఆమె దానిని పెన్సిలుతో వ్రాసికొన్నది.