మేనేజరు పనికి న్యాయమైన కొలత

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో మేనేజరు అంటే శిక్షకుడు మాత్రమే కాదు. ఆటగాళ్ల ఎంపిక, మైదానంలో వ్యూహం, ఓటమికి జవాబుదారీతనం అన్నిటినీ మోసే వృత్తి నిపుణుడు. 1996లో లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు బాధ్యత చేపట్టిన ఫ్రాన్సు దేశస్థుడు ఆర్సెన్ వెంగర్, ఆటగాళ్ల ఆహారాన్నీ వ్యాయామాన్నీ క్రమబద్ధం చేసి, 2003-04 లీగులోని 38 మ్యాచుల్లో 26 గెలిచి, 12 డ్రాగా, అంటే సమంగా, ముగించిన జట్టును ఓటమి ఎరుగని విజేతగా నిలిపారు.

2005 తర్వాత 2014 దాకా ట్రోఫీ దక్కకపోవడంతో అభిమానులు క్రమంగా రెండుగా చీలి, కొందరు ఆయన తప్పుకోవాలని బ్యానర్లు పట్టగా, మరికొందరు ఆయన చేసిన మేలును గుర్తుచేశారు. చివరి రెండు సీజన్లలో జట్టు మొదటి నాలుగు స్థానాలకు దూరమైంది కనుక విమర్శ నిరాధారం కాదు. అయినా 2006లో ప్రారంభమైన కొత్త స్టేడియం అప్పుల భారం కింద మేటి ఆటగాళ్లను వదులుకుంటూనే, 2016 వరకు వరుసగా 20 సీజన్లు జట్టును ఆ నాలుగు స్థానాల్లో నిలపడం కప్పుల లెక్కకు అందని పనితనం. లోపాలను ఎత్తిచూపే హక్కు అభిమానులకు ఉన్నట్టే, 2018లో వైదొలగిన ఆ నిపుణుడి 22 ఏళ్ల శ్రమకు కృతజ్ఞత చెప్పవలసిన బాధ్యత కూడా వారిదే.