కళ్లెదుటే ఉన్నా కనబడవు

పెరట్లో కరివేపాకు మొక్క ఉంటే దాని ఆకుల్ని ఒకసారి నింపాదిగా చూడండి. పిట్ట రెట్ట వేసినట్టు నలుపూ తెలుపూ కలిసిన మరక కనిపిస్తే వెంటనే దులిపెయ్యకండి. అది గొంగళిపురుగు కావచ్చు! నిమ్మ, కరివేపాకు, మారేడు ఆకుల మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు కొన్ని ఉన్నాయి. వాటి పిల్ల పురుగులు అచ్చం రెట్టలాగే ఉంటాయి. పురుగుల్ని ఏరుకు తినే పిట్ట రెట్ట జోలికి ఎందుకు పోతుంది? పురుగు పెరిగాక మాత్రం ఆ వేషం నప్పదు. అంత పెద్ద రెట్ట ఆకు మీద ఉంటే పిట్టకే అనుమానం వస్తుంది! అందుకేనేమో, చివరిసారి చర్మం విడిచాక పురుగు పచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది.

ఇలా చుట్టుపక్కల వాటిలో కలిసిపోయి ఎదుటి కంటిని ఏమార్చడమే కామోఫ్లాజ్. దీని అవసరం ముఖ్యంగా రెండిటికి: ఇంకొకరి నోట పడకుండా ఉండటానికి, తన తిండి దగ్గరికి చప్పుడు కాకుండా చేరటానికి. ఎవరి కళ్లు కప్పాలన్నదాన్ని బట్టి ఉపాయం మారుతుంది.

పులి సంగతే తీసుకోండి. నారింజ రంగు ఒళ్లేసుకుని పచ్చటి అడవిలో వేటాడటం ఎలా కుదురుతుంది? రంగుల్ని పోల్చుకోవడానికి మన కంట్లో మూడు రకాల కణాలున్నాయి. దుప్పి కంట్లో ఉన్నవి రెండే. దానికి నారింజకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. మిగతా పని నల్లచారలు చూసుకుంటాయి. ఒళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియనివ్వకుండా ఆకారాన్ని ముక్కలు చేస్తాయి. గడ్డి దుబ్బుల వెలుగునీడల్లో పులి రూపం చెదిరిపోతుంది.

నీడను చెరిపేయడం ఇంకో ఉపాయం. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి ఏ జంతువుకైనా వీపు వెలుగులో, పొట్ట నీడలో ఉంటాయి. ఆ తేడా వల్లే ఒళ్లు గుండ్రంగా, ఉబ్బెత్తుగా కంటికి ఆనుతుంది. వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉంటే ఆ తేడా తగ్గిపోతుంది. ఎన్నో జింకలకు, చేపలకు ఉన్న రంగుల అమరిక ఇదే. 1896లో దీన్ని వివరించినవాడు ఆబట్ థేయర్ అనే అమెరికా చిత్రకారుడు. నీడ వేసి బొమ్మకు గుండ్రదనం తెచ్చే మనిషి కాబట్టే, ప్రకృతి ఆ నీడనే తుడిచేస్తోందని పసిగట్టాడు.

తీతువు పిట్ట గూడు అల్లదు. ఆరుబయట నేల మీద చిన్న గుంటలో గుడ్లు పెడుతుంది. మట్టిరంగు మీద నల్ల మచ్చలతో అవి గులకరాళ్లలో రాళ్లలా ఉంటాయి. కానీ ఎంత మంచి రంగైనా కదిలితే వృథా. అందుకే వేషం వేసిన జీవులకు కదలకుండా ఉండే ఓపిక కూడా ఎక్కువే.

రంగులు మార్చడమనగానే ఊసరవెల్లి గుర్తొస్తుంది. నిజానికి అది రంగు మార్చేది ఎక్కువగా సాటి ఊసరవెల్లికి కోపమో ఇష్టమో తెలపడానికి, ఒంటి వేడిని సరిచూసుకోవడానికి. దాక్కోవడానికి రంగు మార్చడంలో అసలు మొనగాడు ఆక్టోపస్. దాని చర్మంలో వేలాది బుల్లి రంగు సంచులుంటాయి. కండరాలు లాగితే అవి విచ్చుకుంటాయి, వదిలితే ముడుచుకుంటాయి. క్షణంలో రంగు మారిపోతుంది. పక్కనున్న రాయిలా చర్మాన్ని గరుకుగా కూడా చేసుకోగలదు.

ఈ వేషాలన్నీ జంతువులు ఆలోచించి వేసుకున్నవా? కాదు. ఇంగ్లండులో పెప్పర్డ్ మాత్ అనే రెక్కల పురుగు తెల్లగా, నల్ల చుక్కలతో ఉండేది. 1848లో మాంచెస్టర్‌లో నల్లటిది ఒకటి దొరికింది. ఫ్యాక్టరీల మసితో చెట్ల బోదెలు నల్లబడ్డాయి. తెల్లవి పిట్టలకు ఇట్టే దొరికిపోయాయి, నల్లవి బతికి పిల్లల్ని పెట్టాయి. 1895 నాటికి ఆ ఊరి చుట్టుపక్కల నూటికి 98 నల్లవే! 1956లో గాలిని శుభ్రపరిచే చట్టం వచ్చాక మసి తగ్గింది, తెల్లవి మళ్లీ పెరిగాయి. ఏ పురుగూ తన రంగు తాను ఎంచుకోలేదు. చుట్టూ ఉన్న చోటుకు సరిపడినవి మిగిలాయి, అంతే.

అంటే రంగుకు విలువ ఇచ్చేది చోటే. కడప జిల్లా లంకమల అడవుల్లోని కలివికోడి అనే పిట్టను చూడండి. 1900 తర్వాత దాని జాడ లేకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986లో మళ్లీ దొరికింది. గోధుమ రంగు ఒళ్లు, రాత్రిపూట సంచారం, ముళ్లపొదల మధ్య నేల మీద నడక, ఇన్ని కలిసి దాన్ని మన కంట పడనివ్వలేదు. ఆ ముళ్లపొదల్ని ఉత్త బీడనుకుని చదును చేస్తే, కలివికోడి గోధుమ రంగు ఇంకెక్కడా దానికి అక్కరకు రాదు.