మెట్లెక్కే విద్య

పియెర్ జోర్జియో ఫ్రస్సాతి చనిపోవడానికి ముందురోజు రాసిన చీటీ ఒకటుంది. అది 1925 జూలై 3. పోలియో సోకి చెయ్యి స్వాధీనం తప్పింది, అక్షరాలు వంకర్లు పోయాయి. అందులో వీలునామా లేదు, ఇంట్లోవాళ్ళకు వీడ్కోలు లేదు. ఒక రోగికి చేరాల్సిన ఇంజెక్షన్లు అందజెయ్యమనీ, ఇంకొకరి తాకట్టు చీటీని తన ఖర్చుతో తిరగరాయించమనీ స్నేహితుడికి చేసిన పురమాయింపు, అంతే. మర్నాడు పోయాడు. వయసు ఇరవై నాలుగు. టురిన్‌లో గనుల ఇంజనీరింగు చదువుతున్న కుర్రాడు. తండ్రి ‘లా స్టాంపా’ పత్రిక అధిపతి, జర్మనీలో ఇటలీ రాయబారిగా పనిచేసినవాడు.

ఆ చీటీ తలుచుకున్నప్పుడల్లా ఉప్పాడ చీర అంచు చేత్తో తడిమినట్టుంటుంది నాకు. అంత పనితనం! పేదలను ఆదుకోవాలని ఎవరైనా అంటారు. కానీ ఒకరి తాకట్టు చీటీ మన జేబులోకి రావాలంటే ఆ గడప ఎన్నిసార్లు తొక్కాలి, ఎన్ని అప్పుల కథలు ఓపిగ్గా వినాలి, తిట్టించుకోకుండా ఎంత నమ్మకం సంపాదించాలి! ఫ్రస్సాతి పదిహేడో ఏట, పేదల ఇళ్ళకు వెళ్ళి ఆదుకునే విన్సెంట్ డి పాల్ సభలో చేరి ఆ విద్య నేర్చాడు. అంత్యక్రియలకు టురిన్ వీధులు నిండిపోయేలా పేదలు వచ్చారు. తమ పిల్లవాడు రోజూ ఎక్కడికి వెళ్ళేవాడో ఇంట్లోవాళ్ళకు అప్పుడు అర్థమైంది. 2025 సెప్టెంబర్ 7న పోపు లియో ఆయన్ని పునీతుడిగా ప్రకటించినప్పుడు, నా సొంత తమ్ముడికి గౌరవం దక్కినంత సంతోషించాను.

ఈ విద్య పుట్టింది కూడా కాలేజీ కుర్రాళ్ళ చేతుల్లోనే. ముందటేడు కలరా వచ్చి అల్లాడిన పారిస్. 1833. కతోలిక విద్యార్థులు నడిపే చర్చావేదికలో అవతలి పక్షం వాడెవడో అడిగాడట: ఒకప్పుడు మీ మతం గొప్ప పనులు చేసిందేమో, ఇప్పుడు మీరు పేదలకు ఏం చేస్తున్నారని. న్యాయశాస్త్రం చదువుతున్న ఫ్రెడరిక్ ఓజనామ్ ఆ మాట దులుపుకుని పోలేకపోయాడు. ఏప్రిల్ 23న, సరిగ్గా అతనికి ఇరవై ఏళ్ళు నిండిన రోజున, ఆరుగురు విద్యార్థులు, వాళ్ళకు పెద్దదిక్కుగా బైయీ అనే పత్రికా సంపాదకుడు కూర్చుని ఆ విన్సెంట్ డి పాల్ సభ మొదలుపెట్టారు. ఇవాళ అది 150కి పైగా దేశాల్లో ఉంది.

అసలు గురువు మాత్రం సిస్టర్ రొసాలీ రాందు. పేరు ఓజనామ్‌కి వచ్చింది, రావాల్సిందే. అయినా నా ఓటు ఆ మఠకన్యకే. మూఫ్తార్ పేటలో, పారిస్‌లోకెల్లా దరిద్రపు సందుల్లో, యాభై ఏళ్ళకు పైగా తిరిగిన మనిషి. 1848 అల్లర్లలో తుపాకులు పట్టుకుని తరుముకొచ్చిన గుంపుకు ఎదురు నిలిచి, తమ గుమ్మంలో దూరిన ఒక అధికారి ప్రాణం కాపాడిందని చెబుతారు. ఈ కుర్రాళ్ళ చేతికి రొట్టెకు, బొగ్గుకు చీట్లు ఇచ్చి, ఏ మేడ మీద ఏ గదికి వెళ్ళాలో, లోపల ఎలా మసలుకోవాలో నేర్పింది ఆమే. చదువుకున్నవాళ్ళకు మెట్లెక్కడం నేర్పడం చిన్న సంగతి కాదు.

నేను ఆ మెట్లు విజయవాడలో ఎక్కాను. కొండ మీద ఇళ్ళు, కాళ్ళు పీకే నిటారు మెట్లు, పక్కన మురుగుకాలవ. మా కాలేజీ సభలో మేము తొమ్మిదిమందిమి. నియమాలు కొన్నే. ఒక్కరుగా వెళ్ళకూడదు, ఇద్దరుగా వెళ్ళాలి. ప్రభువు శిష్యుల్ని అలాగే పంపాడు కదా. అదీగాక ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఇల్లు చూస్తారు: పొయ్యి రాజిందా, మందు సీసా ఖాళీ అయిందా, బడి సంచి మూలన పడి ఉందా అని. చూపు గుచ్చినట్టు ఉండకూడదు. అక్కడ కాగితం, కలం తియ్యకూడదు. నీతులు చెప్పకూడదు. అడిగితే తప్ప మతం మాట ఎత్తకూడదు. వెళ్ళిన ఇంటికే వారం వారం వెళ్ళాలి.

మొదటిసారి నేను బియ్యం సంచి గుమ్మంలో దింపి నిలబడ్డాను, ఎప్పుడు దిగిపోదామా అని. నాతో వచ్చిన సీనియర్ చాప మీద కూర్చుని, “దాహంగా ఉందమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?” అన్నాడు. ఆవిడ గ్లాసు కడిగి, కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆ తరవాతే మాటలు వచ్చాయి. దిగి వస్తూ, “వాళ్ళ దగ్గర మనమూ ఏదో ఒకటి పుచ్చుకోవాలి తమ్ముడూ,” అన్నాడు. అంత చక్కగా కూర్చోవడం తెలిసిన మనిషిని మళ్ళీ చూడలేదు నేను.

సగం పని ఇళ్ళలోనైతే, మిగతా సగం గురువారం సాయంత్రం గదిలో జరిగేది. ప్రార్థన, సువార్తలో ఒక భాగం, కాసేపు మౌనం. తరవాత ఒక్కో జంట చూసింది చూసినట్టు చెప్పాలి. ఆ పేర్లు గది దాటి బయటికి పోకూడదు. ఒకసారి మా జంట వంతు. టీబీ మందులు మానేసిన ఒక పెయింటరు గురించి చెప్పాం. మొదటివారం బద్ధకస్తుడనుకున్నాం, రెండోవారం తాగుబోతనుకున్నాం. మూడోవారం తెలిసింది, పరగడుపున మాత్రలు వేసుకుంటే వాంతులవుతున్నాయని, పొద్దున తినడానికి ఇంట్లో ఏమీ ఉండటం లేదని. అతనికి కావాల్సింది బియ్యం బస్తా కాదు, రోజూ పొద్దున్నే నాలుగు ఇడ్లీలు. ఆ నెల అవే ఏర్పాటు చేశాం. కానీ ఆ సాయంత్రం నా పక్కనున్నవాడు ఇంకో మాట చెప్పాడు. “రెండు వారాలు అతన్ని మనసులో తిట్టుకున్నాను. ఆదివారం పూజలో సత్ప్రసాదం కూడా తీసుకున్నాను అదే మనసుతో.” ఎవరూ ఓదార్చలేదు. ఆత్మపరిశోధన అని పుస్తకాల్లో చదివే మాటకు ఆ గదిలో అర్థం దొరికింది నాకు.

చివర్న చందా సంచి తిరిగేది. మూతి బిగించిన గుడ్డ సంచి, పిడికిలి పట్టేంత. అందరూ చెయ్యి లోపల పెట్టాలి. ఉన్నవాడు వేస్తాడు, లేనివాడు ఉత్త పిడికిలి పెట్టి తీస్తాడు. ఎవరు ఎంత వేశారో దేవుడికే తెలియాలి. పారిస్ రోజుల నుంచీ వస్తున్న పద్ధతి ఇది. పేదింటి విద్యార్థికి కూడా ఇచ్చేవాడి పక్కన సమానంగా కూర్చునే మర్యాద ఇంత తేలిగ్గా కల్పించిన పనిముట్టు మరొకటి ఉంటే చూపించండి!

సేవకు వేరే దారులు లేవని కాదు. ఫ్రెంచి జెస్విట్ ఫాదర్ పియెర్ సెరాక్ 1937లో మన దేశం వచ్చి, తమిళం నేర్చుకుని, అఖిల భారత కతోలిక విద్యార్థి సమాఖ్య ద్వారా తరాల తరబడి కాలేజీ పిల్లల్ని పల్లెల బాట పట్టించారు. 2012లో తొంభై ఎనిమిదో ఏట చెన్నైలో కన్నుమూశారు. మహానుభావుడు. అయినా ఒకసారి వెళ్ళొచ్చే క్యాంపు కన్నా వారం వారం ఎక్కే మెట్లే నాకు మిన్న.

ఇప్పుడు చూస్తున్నది చెప్పాలంటే కడుపు మండుతుంది. క్రిస్మస్ ముందు ఒక ఆదివారం, ఒక బస్సు, ఒక ఫ్లెక్సీ. అరవైమంది పిల్లలు ఒక వృద్ధాశ్రమంలో దిగుతారు. ముసలమ్మ ఒళ్ళో దుప్పటి, దాని మీద పన్నెండు చేతులు, ఫోన్లు ఎదురుగా. ఆవిడ పేరు ఒక్కరైనా అడిగారా? ఆంధ్రప్రదేశ్ డిగ్రీ చదువులో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారంటే ఎంత మురిసిపోయాను! ఒకరోజు జిరాక్స్ షాపులో నిలబడితే, ఎవరో చేసిన ఇంటింటి సర్వే రికార్డును పేరూ ఊరూ మార్చి బైండింగు చేయించుకుంటున్నారు పిల్లలు. వెళ్ళని ఇళ్ళు, వినని కష్టాలు, వాటికి మార్కులు. పిల్లల్ని ఏమనను? వాళ్ళకు గ్లాసుడు మంచినీళ్ళు అడిగి పుచ్చుకోవడం చూపించినవాళ్ళు ఎవరున్నారు? పుణ్యక్షేత్రానికి లక్షలమందిని నడిపించగల మనకు, కాలేజీకి ఆరుగురిని గురువారం కూర్చోబెట్టడం చేతకాలేదా?

కాలేజీలు నడిపే ఫాదర్లకు, సిస్టర్లకు చేతులు జోడించి అడుగుతున్నాను. బస్సులొద్దు, ఫ్లెక్సీలొద్దు, సర్టిఫికెట్లొద్దు. ఇద్దరు పిల్లలకు ఒక ఇల్లు చూపించండి, వారం తరవాత మళ్ళీ అదే ఇంటికి పంపండి, దిగి వచ్చాక ఏం చూశారో అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి.

మా సభ ఆగిపోయిన ఏడాది కోశాధికారి ఆ గుడ్డ సంచిని నా చేతికిచ్చాడు. ముదురాకుపచ్చది, మూతి దగ్గర దారం కొంచెం వదిలింది. మా ఆవిడ మళ్ళీ కుట్టి పెట్టింది. వారం వారం కూర్చునే ఆరుగురు ఎక్కడ ఉన్నా కబురు చెయ్యండి, నేనే తెచ్చి ఇస్తాను.