కాలువ, కోకిల, ఒక ప్రశ్న

2021 ఆగస్టు 16న బడులు తెరిచాక మూడో తరగతికి నేను చెప్పిన మొదటి పాఠం పుస్తకంలోది కాదు. కరోనా ఒంట్లోకి ఎలా వెళ్తుందో చెప్పాను. రాక్షసుడు ముక్కులోంచి దూరతాడు, మన సైన్యం తరిమేస్తుంది అంటూ కథ కట్టాను. మర్నాడు ఒక పిల్లాడు దగ్గగానే మిగతావాళ్లు ‘రాక్షసుడొచ్చాడ్రోయ్’ అంటూ పరిగెత్తారు. వాడు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. ఆ కథ మళ్లీ చెప్పలేదు.

దాని బదులు ఊపిరితిత్తులతో మొదలుపెట్టాను. ఆ సంగతి గోదావరి పిల్లలకి తేలిగ్గానే ఎక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర నీరు పెద్ద కాలువలోకి మళ్లుతుంది. అక్కణ్ణించి పిల్లకాలువ, పంటబోదె, చివరికి మడి. గాలీ అంతే. గొంతు దిగాక గాలిగొట్టం రెండుగా చీలుతుంది, అవి మళ్లీ మళ్లీ చీలుతాయి. సుమారు 23 చీలికలు దాటితే కోట్లకొద్దీ బుల్లి గాలితిత్తులు. బోర్డు మీద గీశాను. ఒక పిల్ల ఆఖరి మడి మీద వేలుపెట్టి ‘ఇది మా చేనండి’ అంది.

వైరస్ దగ్గరికొచ్చేసరికి కోకిలని తెచ్చాను. కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుందని వాళ్లకి తెలుసు. వైరస్ మిల్లీమీటరులో పదివేలో వంతు. తనంతట తాను పెరగలేదు. ఒంటి మీది ముళ్లు అతుక్కునే కణం దొరికితే లోపలికి దూరి, కాకి చేత కోకిల పిల్లల్ని పెంచించుకున్నట్టే, ఆ కణం చేతే తనలాంటివాటిని చేయించుకుంటుంది. జ్వరం మాత్రం మన ఒళ్లు తెచ్చుకునేదే, వైరస్ పెరుగుదలకి అడ్డం పడడానికి.

‘కోకిల మంచిదే కదండీ?’ అన్నాడొకడు. వైరస్‌కి మంచీ చెడూ తెలీదురా, దానికి మన మీద పగ లేదు అన్నాను. ఈ ముక్క పిల్లలకి తప్పకుండా చెప్పాలి. లేని పగవాణ్ణి చూపిస్తే వాళ్లు పక్కనున్న పిల్లాడిలో వెతుక్కుంటారు.

బడి వదిలాక ఒక పిల్ల ఆగిపోయింది. ‘మేష్టారండీ, తాతయ్య పక్కలో నేనే పడుకునేదాన్నండి. నేనే అంటించేశానాండీ?’

కింద కూర్చున్నాను. ‘ఎవరినుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరమ్మా. దగ్గూ జ్వరం కనబడకముందే అది అంటుకుంటుంది. నువ్వు చేసిన తప్పేం లేదు’ అన్నాను. ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని ఇంటికెళ్లింది.

కరోనా రోజుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పోయివుంటే, పిల్లలు అడిగేదాకా ఆగకండి. ఇప్పటికైనా ఆ మాట మీరే ఎత్తండి.