అంగట్లో ఒక కేసెట్, ఇంట్లో ఒక కేసెట్

కొత్త ఆల్బం వచ్చినప్పుడు, తొలిసారి వినగానే ఏమనిపించిందో రాయడం సంగీత విమర్శలో మామూలే. గొంతెలా ఉంది, వాయిద్యం ఎలా ఉంది, పోయినసారి కంటే మెరుగేనా అని చూస్తారు. మా విషయంలో మాత్రం ఆ అభిప్రాయం కంటే ముందే ఇంకో అభిప్రాయం పుడుతుంది. మేము వింటున్న పాటను బట్టి మా మీద ఎదుటివాళ్లకు కలిగే అభిప్రాయం అది. పాట వినేదీ మేమే, పరీక్షకు నిలబడేదీ మేమే. మా దేశభక్తికి పెట్టే పరీక్షల గురించి ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) వచ్చాక తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పాట విషయంలో చెప్పాల్సింది మాత్రం ఇంకా మిగిలి ఉంది.

1997 స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడాది. సినిమాతో సంబంధం లేని రెండు ఆల్బంలు ఆ ఏడాది వచ్చాయి. ఒకటి ఎ.ఆర్. రహమాన్ 'వందేమాతరం'. రెండోది పాకిస్తాన్ బ్యాండ్ జునూన్ తెచ్చిన 'ఆజాదీ'. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుర్రకారుకు ఈ రెండూ కొంచెం వెనకాముందుగా అందాయి. కేబుల్ టీవీలో 'సయోనీ' చూసి కేసెట్ కోసం తిరిగినవాళ్లం మేము.

'ఆజాదీ'లో వినగానే పట్టేసింది అలీ అజ్మత్ గొంతు. ఆ తర్వాత గిటారు పక్కన తబలా కుదురుకున్న తీరు. ఉర్సుల్లో ఖవ్వాలీ వింటూ పెరిగిన చెవికి సల్మాన్ అహ్మద్ గిటారు పరాయిగా తోచలేదు. ఖవ్వాలీలో మాట తిరిగి తిరిగి వచ్చి చిక్కబడినట్టే అక్కడ తీగ చిక్కబడుతుంది. బాస్ గిటారు వాయించిన బ్రయాన్ ఓకానెల్ అమెరికన్. ఆ సంగతి చెబితే తప్ప తెలియదు. లోపమూ ఉంది. ఇక్బాల్ కవితను 'ఖుదీ'గా పాడినప్పుడు దరువు ముందుకు ఉరికి అర్థం వెనకబడింది. కొన్ని చోట్ల సూఫీ మాటలు పండగనాడు తొడుక్కున్న షేర్వానీలా ఉన్నాయి తప్ప ఒంటికి పట్టలేదు.

'మా తుఝే సలాం' రాసింది మెహబూబ్. బాణీ, గొంతు రహమాన్‌వి. తల్లికి సలాం చెప్పడంలో గొప్ప తెలివి ఉంది. మా ఇంటి పలకరింపును దేశం నోట పలికించింది ఆ పాట. వినగానే ఒళ్లు గగుర్పొడిచిన మాట నిజం. అయితే ఆ ఆల్బంలో అంతకన్నా లోతైనది నుస్రత్ ఫతే అలీ ఖాన్ రహమాన్‌తో కలిసి పాడిన 'గురూస్ ఆఫ్ పీస్'. జెండా పాట తన దగ్గరున్నదంతా మొదటిసారే ఇచ్చేస్తుంది. ఈ పాట కొంచెం దాచుకుంటుంది, మళ్లీ రమ్మంటుంది. ఆల్బం వచ్చిన ఆ ఆగస్టులోనే, 16వ తేదీన, నుస్రత్ కన్నుమూశాడు. 'వందేమాతరం' కేసెట్‌లో పాకిస్తాన్ గాయకుడు ఉన్నాడే అని మమ్మల్ని ఎవరూ నిలదీయలేదు. అట్ట మీది పేరే మమ్మల్ని కాపాడింది.

దాంతో మా ఊళ్లలో ఒక ఏర్పాటు దానంతటదే జరిగిపోయింది. రహమాన్ కేసెట్ అంగట్లో పెద్దగా మోగేది. జునూన్ కేసెట్ ఇంట్లో, తలుపు దగ్గరేసి, చిన్నగా. "ఏం సాయిబూ, పాకిస్తానోళ్ల పాటలా?" అని నవ్వుతూనే అడిగేవాళ్లు. ఆ నవ్వులో చెడ్డతనం లేకపోవచ్చు. కానీ 1992 డిసెంబర్ 6 తర్వాత ఆ నవ్వుకు జవాబు చెప్పడం మాకు బరువైంది. ఇట్లాంటి చోట పాట పాటగా మిగలదు. ఒకటి రుజువవుతుంది, ఇంకోటి పంతమవుతుంది. ఏది బాగుందో తీరిగ్గా చెవితో తేల్చుకునే హక్కే పోతుంది.

జమ్మలమడుగు వైపు దూదేకుల ఇళ్లలో మాట్లాడేది తెలుగే. 'సయోనీ'లో మాటలు వాళ్ల పిల్లవాడికి ఎంత అర్థమయ్యాయో పక్కింటి రెడ్ల పిల్లవాడికీ అంతే అర్థమయ్యాయి. ఇద్దరూ దరువు కోసమే విన్నారు. సంజాయిషీ మాత్రం మస్తాన్ అని పేరున్నవాణ్నే అడిగారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ పలికేది లాహోర్ ఉర్దూ కాదు. నక్కో, హౌ అంటూ తెలుగు మాటలు కలిపి మాట్లాడే దఖ్నీ. జునూన్ పాడిన భాష మాకూ సగం దూరమే.

2000లో ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ 'కందీసా' ఆల్బం తెచ్చింది. సఫ్దర్ హష్మీ సంస్మరణ సభలో 1997 జనవరి 1న వాయించినదాన్ని 'డెజర్ట్ రెయిన్' ఆల్బంగా తెచ్చినవాళ్లే వీళ్లు. 'కందీసా' పేరుపాట కేరళ సిరియన్ క్రైస్తవుల అరమాయిక్ ప్రార్థన. దాని పక్కనే నర్మదా లోయ పాట 'మా రేవా', గోరఖ్ పాండే భోజ్‌పురి గీతం 'హిల్లేలే' ఉన్నాయి. మాట ఒక్కటీ తెలియకపోయినా ప్రార్థన ప్రార్థనగానే చేరుతుందని మొదటిసారి వినగానే తెలిసింది. తబలా వాయిస్తూ పాడే అసీమ్ చక్రవర్తి 2009లో చనిపోయాక ఆ నిండుతనం మళ్లీ వినపడలేదు. ఈ ఆల్బం అంగట్లో మోగినా, ఇంట్లో మోగినా, నువ్వు క్రైస్తవుడివా అని ఎవరూ అడగలేదు. మేము కోరేది ఆ అడగకపోవడాన్నే.

ఇతరుల దేవుణ్ని పాడటం మావాళ్లకు కొత్తేం కాదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం మీద త్యాగరాజ కృతులు పలికించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. గుడి ముందు సన్నాయి పట్టిన చెయ్యి ఎవరికీ పరాయి కాదు. అదే చెయ్యి ఇంటికొచ్చి కేసెట్ పెట్టుకుంటే అనుమానమా?

కేసెట్లు పోయి ఫోన్లు వచ్చాయి. పరీక్ష పోలేదు. 1998లో అణుపరీక్షలకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు జునూన్ పాటలను పాకిస్తాన్ ప్రభుత్వ టీవీ నిషేధించింది. పహల్గాం దాడి తర్వాత 2025 మే 8న పాకిస్తాన్ పాటలను తీసేయమని స్ట్రీమింగ్ సంస్థలకు మన కేంద్ర ప్రభుత్వం సూచించింది. హంతకుల మీద కోపం మాకూ ఉంది. పాట హంతకి కాదు.

ఇప్పుడు తెలుగులో చౌరస్తా బ్యాండ్ రెగ్గేను పల్లె మాటతో కలిపింది. వినగానే మనదనిపిస్తుంది. రుహాన్ అర్షద్ 'మియా భాయ్' హైదరాబాదీ యాసను దేశమంతా వినిపించింది. సినిమాల్లో నవ్వించడానికే పనికొచ్చిన యాస తలెత్తుకుని పలికినందుకు మొదట సంతోషమేసింది. మళ్లీ వింటే డాబే ఎక్కువ, బతుకు తక్కువ. మా ఆడవాళ్లు పెళ్లిళ్లలో ఢోలక్ మీద పాడే పాట అందులో లేదు. పీర్ల పండక్కి హిందువులూ మేమూ కలిసి గుండం చుట్టూ ఆడే అలాయి లేదు. కథలో ఈ పని జరిగింది. పులివెందులకు దగ్గరలోని వేంపల్లె నుంచి వచ్చిన వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. మా ఇళ్ల సంగతులు అచ్చులోకి ఎక్కినట్టే ఆల్బంలోకీ ఎక్కాలి.

మా కుర్రాళ్లకు ఒక మాట. సాయిబు పాడాడు కాబట్టి బాగుందనడం, సాయిబు వింటున్నాడు కాబట్టి అనుమానించడం ఒకే తప్పుకు రెండు ముఖాలు. పాటను పాటగా తూయండి. బాగాలేకపోతే బాగాలేదనండి, ఎవరు పాడినా సరే. లౌకికవాద మిత్రులకూ ఒక మాట. పాట ఎలా ఉందని మమ్మల్ని అడగండి. ఎందుకు విన్నారని మాత్రం అడగొద్దు.