పడుకున్న ఆటగాడు, పరుగెత్తే గడియారం

ఫుట్‌బాల్ ఆట 90 నిమిషాలంటారు. ఆ లెక్క నమ్ముకుని పొయ్యి మీద పప్పు మాత్రం పెట్టకండి. 45 నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యన విరామం - ఇది కాగితం మీది మాట. అందులో బంతి నిజంగా కదిలేది చాలా ఆటల్లో గంట కూడా ఉండదు. మిగిలినదంతా బంతి తెచ్చుకోవడం, దాన్ని గీత మీద సర్దుకోవడం, బూట్ల తాళ్లు బిగించుకోవడం, పడడం, పడ్డవాడు లేవడం!

మా నందికొట్కూరులో ఈ ఆటకు పెద్దపీట ఏమీ లేదు. పిల్లల చేతుల్లో క్రికెట్ బ్యాటే కనిపిస్తుంది. అయినా ప్రపంచ కప్పు వచ్చిందంటే మా ఇంట్లో అందరూ టీవీ ముందే. వాళ్లతోపాటు నేనూ చూస్తాను. ఆటలోని మెళకువలన్నీ నాకు తెలుసనను గానీ, కావాలని చేసే ఆలస్యాన్ని మాత్రం ఇట్టే పట్టేస్తాను. దానికి ఆట తెలియాల్సిన పనిలేదు. ఎండాకాలంలో ఖాళీ బిందెతో కొళాయి దగ్గర నిలబడిన అనుభవం చాలు.

నీళ్లు వచ్చేదే కాసేపు. ముందున్నావిడ బిందెలన్నీ నిండాయి. ఇక అప్పుడు తాపీగా చింతపండు తీసి చివరి బిందె తోమడం మొదలుపెడుతుంది.

"ఏం వదినా, ఇంగ ఎంతసేపు తోముతావు?"

"నా వంతే గదా వదినా, రోంత ఉండు!"

ఆవిడ ఏ కట్టుబాటూ మీరలేదు. కానీ వెనకున్నవాళ్ల నీళ్లు మోరీలోకి పోతున్నాయి. ఒక గోలు ముందున్న జట్టులో గోల్‌కీపరు చేసేదీ సరిగ్గా ఇదే.

మరి రిఫరీ ఏం చెయ్యాలి? పసుపు కార్డు తీసి చూపిస్తాడు. (పసుపంటే మనకు శుభం, అక్కడ హెచ్చరిక!) మావారు వెంటనే "బాగా బుద్ధి చెప్పాడు" అని సంతోషిస్తారు. నాకు ఆ సంతోషం అర్థం కాదు. కార్డు చూపిస్తే పోయిన రెండు నిమిషాలు ఎదుటి జట్టుకు తిరిగొస్తాయా? తప్పు చేసినవాణ్ణి మందలించడం ఒకటి, నష్టపోయినవాడికి నష్టం పూడ్చడం మరొకటి. రెండోది చెయ్యకుండా మొదటిదానితో సరిపెట్టుకుంటే అది సగం న్యాయమే.

2022లో కతార్‌లో జరిగిన ప్రపంచ కప్పులో ఈ రెండో పని గట్టిగానే చేశారు. ఫిఫా రిఫరీల కమిటీ అధ్యక్షుడు కొల్లీనా, పోయిన సమయాన్ని పోయినంతా కలపాలన్నారు. నవంబర్ 21న ఇంగ్లండు, ఇరాన్ జట్లు ఆడినప్పుడు మొదటి సగానికే దాదాపు 14 నిమిషాలు కలిసింది. అక్కడ కాలయాపన ఏమీ లేదు. పాపం, ఇరాన్ గోల్‌కీపరు తలకు నిజంగానే దెబ్బ తగిలింది. నాకు నచ్చింది ఇదే. పడ్డవాడి నొప్పి నిజమా, నటనా అని రిఫరీ తేల్చనక్కర్లేదు. వైద్యం చేయించనీ, గడియారానికి ఆ కాలం కలపనీ. అప్పుడు నటించేవాడికి లాభం లేదు, నిజంగా దెబ్బ తగిలినవాడికి అవమానమూ లేదు. తలనొప్పని పడుకుంటే "పని ఎగ్గొట్టడానికే" అనిపించుకున్న ఆడవాళ్లకు ఈ రెండో సంగతి విడమరచి చెప్పాలా?

ఇక గోల్‌కీపరు సంగతి. బంతి చేతికొచ్చాక 6 సెకన్లలో వదలాలని వెనకటి నిబంధన. వదలకపోతే గోలుకు దగ్గర్లోనే ఎదుటివాళ్లకు ఫ్రీ కిక్. శిక్ష మరీ పెద్దదవడంతో రిఫరీలు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. 2025లో దాన్ని మార్చారు. గడువు 8 సెకన్లు చేశారు, శిక్షను కార్నర్ కిక్‌కు తగ్గించారు. చివరి 5 సెకన్లనూ రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో అందరికీ కనబడేలా లెక్కపెట్టాలి. "ఇంట్లోంచి పంపేస్తా" అని రోజూ బెదిరించే తల్లి మాట ఏ పిల్లాడూ వినడు. "ఈ పూట మురుకులు లేవు" అని నిజంగా డబ్బా మూత పెట్టే తల్లి మాట వింటాడు. అమలయ్యే చిన్న శిక్షే అసలైన శిక్ష!

ఈ తెలివి మన చెడుగుడులో ఏనాడో ఉంది. కూతకు వెళ్లినవాడి ఊపిరే గడియారం. ఊపిరి ఆగితే వంతు అయిపోయినట్టే. ఇప్పటి కబడ్డీలో కూతకు 30 సెకన్లు. 2014లో మొదలైన ప్రొ కబడ్డీలోనైతే వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే, మూడోసారి వెళ్లినవాడు పాయింటు తేవాలి, లేదా అవుటవ్వాలి. ఎవరి మీదా కోపం లేదు, ఎవరినీ బతిమాలడం లేదు.

బలహీనమైన జట్టుకు ఆలస్యమే ఆయుధం కదా అని జాలిపడేవాళ్లున్నారు. బంతి కదులుతుండగా గోలు కాపాడుకుంటే అది ఆటే. బంతిని ఆపేసి కూర్చోవడం మాత్రం ఎదుటివాడి వంతును మింగడం. పైగా ఈ పని చేసేది బలహీనులేనా? 1982 జూన్ 25న స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ పదో నిమిషంలో గోలు వేసింది. 1-0తో ముగిస్తే తనూ, ఆస్ట్రియా కూడా పై దశకు వెళతాయి. ఇక మిగతా ఆటంతా ఇరుజట్లూ బంతిని అటూ ఇటూ తోసుకుంటూ గడిపేశాయి. అంతకుముందు పశ్చిమ జర్మనీనే ఓడించిన అల్జీరియా, తన ఆటలు ముగించుకుని చూస్తూ ఇంటిదారి పట్టింది. బంతి కదులుతూనే ఉంది కాబట్టి రిఫరీ ఈల ఊదడానికేమీ లేదు. ఆ తర్వాత 1986 నుంచి గ్రూపులో చివరి ఆటలు ఒకే సమయానికి పెట్టారు. ఈలతో కుదరనిది పట్టిక వేసేవాళ్లే దిద్దాలి మరి.

రిఫరీలకు నేను చెప్పేది ఒక్కటే. కోపం తగ్గించి, లెక్క పెంచండి. ఆ లెక్క అందరికీ కనబడేలా పెట్టండి. ఓడిపోతున్నవాడికి మిగిలిన ఆస్తి ఆ చివరి అయిదు నిమిషాలే. వాటిలో గోలు వేస్తాడో లేదో వాడి అదృష్టం. ఆ నిమిషాలు వాడి చేతికి అందించడం మాత్రం మీ ధర్మం.