వెనుక తలుపు పట్టీ

గడచిన శ్రావణమున, రెండు దినములు విడువక కురిసిన వాన వెలిసిన సాయంకాలము, మా వాహనపు డిక్కీ తలుపు పైకెత్తి లోన పరచిన తివాచీపై చేయి మోపగా అరచేయి తడిసినది. అద్దములన్నియు మూసియే యున్నవి. తలుపు చుట్టునున్న రబ్బరు బీడింగు ఎచ్చటను చినుగలేదు. నీరు వచ్చిన త్రోవ మాత్రము కానరాలేదు. టార్చిలైటు చేతబట్టి చాలసేపు వెదకిన మీదట, నంబరు పలకకు పైభాగమున అడ్డముగా సాగియుండు వెండివన్నె పట్టీ వెనుకనుండి నీరు రేకులోనికి దిగి, లోపలి అట్ట వెంబడి బొట్టుబొట్టుగా జారుచున్నదని తెలిసినది. అంతకు ఎనిమిది మాసముల పూర్వము ఒక మోటారుసైకిలు తాకిడికి పాత పట్టీ పగులగా, మా యూరి మరమ్మతుశాల యొకదానియందు అరగంటలో క్రొత్తది పెట్టి యిచ్చిరి. అంత వేగముగ పని ముగిసినందుకు ఆనాడు నేను సంతసించితిని.

పనివారు ఈ పట్టీని గార్నిష్ అందురు. అలంకారమని ఆ మాటకు అర్థము; అందుచేత ఇది కేవలము సొగసునకై అతికిన వస్తువని తలంచువారు పెక్కుమంది. నంబరు పలకపై వెలుగు చిమ్ము చిన్న దీపములు, బండిని వెనుకకు నడుపునప్పుడు త్రోవ చూపు కెమెరా, తలుపు తెరచు మీట, ఇవన్నియు మా బండిలో దాని క్రిందనే ఒదిగియున్నవి. వెనుక నంబరు రాత్రివేళ 15 మీటర్ల దూరమునుండి చదువ వీలగునట్లు దానిపై తెల్లని వెలుగు పడవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు విధించుచున్నవి. ఆ వెలుగునకు ఆశ్రయమైన దానిని వట్టి అలంకారమనుట న్యాయము కాదు.

మన రోడ్లపై ఇట్టి ఎస్.యు.వి. వాహనములు తొలుత తిరిగిన దినములలో ఈ బాధ లేదు. 1998లో వచ్చిన టాటా సఫారీకి వెనుక తలుపు ప్రక్కకు తెరుచుకొనెడిది. అది తన వీపున స్టెప్నీ చక్రమును మోసెడిది. (స్టెప్నీ యనునది వేల్సు దేశమున లనెల్లీ పట్టణమందలి ఒక వీధి పేరు. 1904లో అచ్చట రూపొందిన విడిచక్రము ఆ పేరు ధరించి లోకమంతయు తిరిగి, మన లారీ డ్రైవర్ల నోట నేటికిని నిలిచియున్నది.) తలుపు పైకి లేచునదైన పిమ్మట, చక్రము బండి అడుగునకు దిగినది, తలుపు తేలికగుటకై ఇనుము ఉన్న తావుల ప్లాస్టిక్కు వచ్చినది.

విజయవాడలో పటమట నానుకొనియున్న ఆటోనగరుకు ఒక ఉదయమున బండిని తీసికొనిపోయితిని. లారీలకు బాడీలు కట్టు సమ్మెటల చప్పుడు నడుమ, రేకుల పందిరి క్రింద, నా యీడు మేస్త్రి యొకరు కలరు. ఆయన పట్టీని చేతితో తాకకమునుపే, కొనలయందు వెండ్రుకవాసి పగుళ్లను చూచి వ్యాధిని నిర్ణయించెను.

“మాస్టారూ, దీన్ని ఎవరో గట్టి గమ్ముతో పట్టించేశారు. ఎండకి ప్లాస్టిక్కు సాగుద్ది, రేకు అంత సాగదు. సాగేదానికి చోటివ్వకపోతే అది పగలక ఏం చేస్తది?”

ఆ మాటలోని భౌతికశాస్త్రమును ఇంటికి వచ్చి కాగితముపై లెక్కించి చూచితిని. ఈ పట్టీలకు సాధారణముగా వాడు ఎ.బి.ఎస్. అను ప్లాస్టిక్కు, మీటరు పొడవున, ఉష్ణము 40 డిగ్రీలు హెచ్చినచో సుమారు 3 మిల్లీమీటర్లు సాగును. అంతే పొడవుగల ఉక్కురేకు అర మిల్లీమీటరు మాత్రమే సాగును. బెజవాడ వేసవిలో తెల్లవారుజామునకును మిట్టమధ్యాహ్నమునకును ఎండలో నిలిచిన బండి రేకునందు అంత భేదము కలుగుట దుర్లభము కాదు. అనగా ఆ పట్టీ తన కాధారమైన రేకుపై ప్రతిదినమును రెండు మిల్లీమీటర్లకు పైగా ముందునకును వెనుకకును కదలవలసియున్నది. దీనిని రూపొందించినవారు ఇది యెఱిగియే, నడుమ రంధ్రమును మాత్రము గుండ్రముగ నుంచి, కొనలకు పోవుకొలది రంధ్రములను నిడుపు చేసిరి. నడిమి క్లిప్పు స్థానమును నిలుపును, తక్కినవి పట్టుకొనియే జరుగనిచ్చును. వస్తువును పట్టియుంచుట వేఱు, బంధించుట వేఱు అని ఆ రంధ్రముల ఆకారమును చూచిన తరువాతనే నాకు బోధపడినది.

విప్పుటయందే మేస్త్రి ప్రజ్ఞ యంతయు కనబడినది. మొదట బ్యాటరీ మైనస్ తీగ తొలగించెను. తలుపు లోపలి అట్టను క్రింది అంచునుండి, ఇనుప స్క్రూడ్రైవరుతో గాక, పలుచని ప్లాస్టిక్కు పట్టెతో ఒక్కొక్క క్లిప్పు దగ్గరను మెల్లగ లేవనెత్తెను.  దీపములకును కెమెరాకును పోవు తీగల కనెక్టర్లను, గొళ్లెము నొక్కి, తీగను లాగక విడదీసెను. వెలుపల రంగునకు గీతలు పడకుండుటకై పట్టీ చుట్టును కాగితపు టేపు అంటించి, హీట్‌గన్నుతో జిగురును మెత్తపరచి, గాలపు నైలాను దారమును పట్టీ వెనుకకు దూర్చి రంపమువలె ఇటునటు లాగెను. పని సవ్యముగ జరిగిన బండిలో దారము అక్కర లేదట. లోనుండి ఒకరు క్లిప్పు కాళ్లను పట్టకారుతో నొక్కుచుండగా వెలుపలినుండి మఱియొకరు పట్టీని తీసికొనిన చాలునట.

పట్టీ ఊడివచ్చినది. ఎనిమిది రంధ్రములలో ఆరు తెఱచియే యున్నవి. మునుపటివారు లోపలి అట్టను విప్పనేలేదు. వెలుపలినుండియే పాత పట్టీని పెరికి, క్రొత్తదానికి వచ్చిన క్లిప్పుల కాళ్లను కత్తిరించి, జిగురు రాచి అదిమిరి. క్లిప్పు మెడకు ఉండు నురుగు వాషరే రంధ్రమునకు మూతయై నీటిని ఆపునది. కాలు లేని క్లిప్పునకు వాషరు లేదు, వాషరు లేని రంధ్రమునకు అడ్డము లేదు. మూడింటి చుట్టు తుప్పు గోరంత మేర ప్రాకియుండెను. అది చూచినప్పుడు నాకు కలిగిన బాధ డబ్బు గురించినది కాదు. మూయబడు తావున పనివాడేమి చేసెనో యజమానికి కనబడదు; ఆ నమ్మకముతోనే బండిని అప్పగించి పోవుదుము; ఇచట ఆ నమ్మకము కత్తిరింపబడినది.

తుప్పును గీకి, ప్రైమరు పూసి, అది ఆరిన పిదప రంగు వేసి, ఆ రంగు పూర్తిగ ఆరుటకై ఆయన నన్ను మఱునాడు రమ్మనెను. మఱునాడు మిగిలిన జిగురును బొటనవ్రేలితో ఉండలు చేసి తీసి, స్పిరిటుతో తుడిచెను. ప్రక్క దుకాణపు కుర్రవాడు థిన్నరు డబ్బా తేబోగా వలదని వారించెను. అది రంగునే గాక ఈ ప్లాస్టిక్కును సైతము కరగించును. పట్టీపై మెరయు క్రోమియపు పొర మైక్రానుకన్న పలుచనిది. దాని క్రింద నికెలు, ఆ క్రింద రాగి, ఆ క్రింద ఆమ్లముతో సూక్ష్మమైన గుంటలు తొలిపించుకొని లోహమునకు పట్టునిచ్చిన ప్లాస్టిక్కు. అడుగు మెత్తబడినచో పైనున్న మెరుపంతయు పొలుసులుగ రాలిపోవును.

క్రొత్త పట్టీకి ఎనిమిది క్రొత్త క్లిప్పులు, ఎనిమిది వాషర్లు. రెండు కొనలయందు మాత్రము, తాను కూడ సాగగల నురుగు డబుల్ టేపు. తీగలను ముందుగా లోనికి పంపి, రబ్బరు గ్రోమెట్టును దాని గుంటలో కూర్చి, నడిమి క్లిప్పును రంధ్రమునకు సరిపెట్టిన తరువాత, మేస్త్రి ప్రక్కకు తొలగి “మీరే నొక్కండి మాస్టారూ, అరచేతి మడమతో. టక్కుమనాలి, లెక్కెట్టుకోండి” అనెను. నడుమనుండి కొనలకు నొక్కుచు చప్పుళ్లు లెక్కించితిని. ఏడవది వినబడలేదు, తీసి చూడగా వాషరు మడతపడియున్నది. సరిచేసి మరల నొక్కితిని. రేకునకు లోవైపున పదినంబరు నట్లు రెండింటిని వ్రేళ్లతో త్రిప్పి, పిమ్మట స్పానరుతో పావుచుట్టు మాత్రమే బిగించెను. అంతకు మించినచో ప్లాస్టిక్కులో పాతుకొనియున్న మర వేళ్లతో సహా తిరిగిపోవునట. అట్ట మూయకమునుపే గొట్టముతో పావుగంట నీరు కొట్టి, లోన పొడిగుడ్డతో అద్ది చూపెను. టేపునకు పూర్తి పట్టు వచ్చుటకు 72 గంటలు కావలెను గనుక, మూడు దినములు బండిని కడుగవలదని చెప్పి పంపెను.

ఆశ్వయుజమున వాయుగుండము పట్టి మూడు రోజులు కురిసినది. తివాచీ పొడిగ నున్నది.

పాఠకులలో ఎవరైనను ఈ పట్టీ మార్పింపదలచినచో, పనివానికి ఒక పూట వ్యవధి నిచ్చి, దగ్గరనుండి చూడుడు. లోపలి అట్ట విప్పనిదే పని మొదలుపెట్టనీయకుడు. క్రొత్త క్లిప్పులకును వాషర్లకును అగు ఖర్చునకు వెనుదీయకుడు. ఆ రాత్రి బండి వెనుక పదునైదు మీటర్ల దూరమున నిలిచి, మీ నంబరు చదువ వచ్చుచున్నదో లేదో చూచుకొనుడు.